మూత మూసినవాడు పిరికివాడు కాడు

ఈసారి ఉత్తరం కావలి వైపు ఒక తీర గ్రామం నుంచి వచ్చింది. రాసింది ఒక తల్లి. పేరు, ఊరు బయటపెట్టవద్దని కోరారు. ఆరు పేజీలు నిండుగా రాశారు కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ ఇస్తున్నాను.

ఆమె భర్త, బావగారు కలిసి ఎనిమిదేళ్ల కిందట ఒక చెక్క మరబోటు కొన్నారు. బావగారు సరంగు, అంటే బోటు నడిపేవారు. భర్త ఇంజన్ చూసుకుంటారు. కలాసీలతో, అంటే బోటు పనివాళ్లతో కలిపి ఎనిమిది మంది వారం రోజుల వేటకు వెళ్తారు. బోటు లెక్కల పుస్తకం ఈమె దగ్గరే ఉంటుంది. మార్చి నెలాఖరులో ఒక తెల్లవారుజామున, ఒడ్డు కనుచూపు మేరలో లేని చోట, ఇంజన్ గదిలో మంట లేచింది. డీజిల్ పైపు చీలి, కాగిన సైలెన్సర్ గొట్టం మీద డీజిల్ చిమ్మిందట. భర్త మూత ఎత్తి దిగబోతే ముంజేయి కాలింది. బావగారు బకెట్లతో సముద్రపు నీళ్లు గుమ్మరించారు. మంట తగ్గకపోగా నీళ్ల మీద తేలుతూ పక్కకు పాకింది. బోటులో ఫైర్ సిలిండర్ ఉంది, కానీ ఇంజన్‌కు అవతలి గోడకు తగిలించి ఉంది. మంటను దాటితే తప్ప అందదు.

అప్పుడు వీరి అబ్బాయి, పంతొమ్మిదేళ్లవాడు, ఇంజన్ గది మూతను లాగి మూసేశాడు. ఐసు మీద కప్పే గోనెపట్టాలు తడిపి తెచ్చి మూత సందుల మీద, గాలి గొట్టాల మీద కప్పాడు. “ఇంజన్ కాలిపోతోంది, మూత తెరువు” అని పెదనాన్న అరుస్తున్నా కదలలేదు. కాసేపటికి ఇంజన్ దానంతట అది ఆగిపోయింది. అరగంటకు పొగ పలచబడింది. మరో బోటువాళ్లు తాడు కట్టి ఒడ్డుకు లాక్కొచ్చారు. ఎనిమిది మందీ ఇంటికి చేరారు.

ఒడ్డుకు వచ్చాక బావగారు నలుగురి ముందు ఆ కుర్రవాణ్ణి పిరికివాడన్నారు. మంటను చూసి బెదిరి తలుపేసుకున్నాడన్నారు. ఆ మాట ఊరంతా తిరిగింది. గోడకున్న పాత సిలిండర్‌ను దించి నొక్కి చూస్తే బుసమని ఒక్క శబ్దం వచ్చింది, పౌడర్ రాలేదు. ఆ తరువాత బావగారు నెల్లూరులో ఒక దుకాణం నుంచి రెండు కిలోల సిలిండర్లు రెండు చవకగా తెచ్చారు. అన్ని రకాల మంటలకూ పనికొస్తుందని దుకాణదారు చెప్పాడట. ఈమె తన చీటీ డబ్బు తీసి మంచివి కొందామంటే భర్త, “అన్నకు ఎదురు చెప్పలేను” అంటున్నారు. అత్తగారు, “వేటకు ముందు నిప్పు మాట ఎత్తకు, గంగమ్మ తల్లికి కోపం వస్తుంది” అంటున్నారు. అబ్బాయి మాత్రం ఒకే మాట అంటున్నాడు: “ఈసారి మూత మూయను, నేనే లోపలికి దిగుతాను.”

ఆ మాట విన్న రోజు నుంచి తనకు నిద్ర లేదని రాశారు. ఏ సిలిండర్ కొనాలి, ఇంట్లో ఎలా ఒప్పించాలి, అబ్బాయిని వేటకు పంపాలా వద్దా అని మూడు ప్రశ్నలు అడిగారు.

అమ్మా,

మీ ఉత్తరం చదివి, మూడు ప్రశ్నల కంటే ముందు మీ అబ్బాయి గురించి మాట్లాడాలనిపించింది. పాతికేళ్లు బోటు ఇంజన్ల దగ్గర పని చేసినవాడిగా, ఆ తరువాత కుర్రవాళ్లకు ఆ పనే నేర్పినవాడిగా చెబుతున్నాను. ఆ తెల్లవారుజామున ఆ బోటులో సరైన పని చేసింది మీ అబ్బాయి ఒక్కడే. ఎనిమిది ప్రాణాలు నిలిచింది ఆ మూత వల్ల.

ఎందుకో వివరంగా రాస్తాను. మీరు చదివి ఊరుకోకుండా ఇంట్లో చెప్పాల్సి వస్తుంది కదా. మంటకు మూడు కావాలి: మండే వస్తువు, వేడి, గాలి. ఇంజన్ గదిలో డీజిల్‌ను ఆ క్షణంలో తీసేయలేము. మంటలో ఎర్రబారిన ఇనుమును చల్లార్చలేము. మన చేతిలో మిగిలింది గాలి ఒక్కటే. మూత తెరిస్తే గాలి అందుతుంది, మంట పైకి ఎగసి ముఖాన కొడుతుంది. మీవారి చేయి కాలింది అందుకే. మూత మూసి సందులు కప్పితే లోపలి గాలిని మంటే తినేస్తుంది, తినడానికి ఇంకేమీ లేక చస్తుంది. ఇంజన్ దానంతట అది ఆగిందని రాశారు చూడండి, దానికి కూడా పీల్చుకోవడానికి గాలి మిగల్లేదన్నమాట. పెద్ద ఓడల్లో ఇంజన్ గది కాలినప్పుడు చేసేదీ ఇదే. మనుషుల్ని బయటికి రప్పించి, తలుపులు బిగించి, గాలిదారులు మూసి, అప్పుడు వాయువు వదులుతారు. మీ అబ్బాయికి ఈ పని ఎవరూ నేర్పి ఉండరు. వాడికి తోచింది, చేశాడు. పెద్దల అరుపులకు కూడా చలించలేదు.

బావగారు నీళ్లు పోయడంలో దురుద్దేశం లేదు. నిప్పంటే నీళ్లనే మనందరికీ పుట్టినప్పటి నుంచీ తెలుసు. వలలు, తాళ్లు, చెక్క కాలితే బకెట్ సముద్రపు నీళ్లను మించిన మందు లేదు. డీజిల్ మాత్రం నీటికంటే తేలిక. నీళ్లు పోస్తే అడుగుకు దిగి, మండుతున్న డీజిల్‌ను నెత్తిన పెట్టుకుని మూలమూలకూ మోసుకెళ్తాయి. మీరు రాసిన వాక్యంలోనే ఆ సంగతి ఉంది.

ఇప్పుడు మీ అబ్బాయి అంటున్న మాట దగ్గరికి వద్దాం. “ఈసారి మూత మూయను.” మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది పైపు చీలడం కాదు, ఈ మాట. అవమానం తుడుచుకోవడానికి మండే గదిలోకి దిగినవాడు ఆ పొగలో రెండు మూడు ఊపిరులకే కూలబడతాడు. వాణ్ణి తీయడానికి తండ్రి దిగుతాడు. అందుకే ఏ సిలిండర్ కొన్నా, కొనకపోయినా, జూన్ 14న వేట విరామం, అంటే సముద్రంలో వేటపై ఏటా ఉండే నిషేధం, ముగిసేలోగా ఆ పిరికితనం ముద్ర చెరిగిపోవాలి. దాన్ని ఎలా చెరపాలో తరువాత రాస్తాను. ముందు సిలిండర్ల సంగతి చూద్దాం.

దుకాణదారు చెప్పింది సగం నిజం. ఏబీసీ పౌడర్ సిలిండర్ చెక్క, వలల లాంటి వాటికీ (ఏ), డీజిల్, పెట్రోలుకూ (బీ), గ్యాసుకూ (సీ), కరెంటు తీగల మంటకూ పనికొస్తుంది. అయితే రెండు కిలోల సిలిండర్ ఎంతసేపు వస్తుందో ఆయన చెప్పలేదు. పిడి నొక్కాక ఎనిమిది, పది సెకన్లలో ఖాళీ. ఊగే బోటులో, పొగలో, వణికే చేతులతో గురి కుదిరేలోపే సగం గాలికి పోతుంది. కారులో పెట్టుకునే సరుకు అది. ఆరు కిలోలదైనా పదిహేను సెకన్లకు అటూ ఇటూ వస్తుంది, అంతే. బోటులో ఫైర్ సిలిండర్ అంటే చేతిలో ఉన్న ఆ కొద్ది సెకన్లే. వాటిని ఎక్కడ ఖర్చు పెడతామన్నదే ప్రశ్న.

మీ ఇంజన్ గదికి మూడు దారులున్నాయి. మొదటిది ఆరు కిలోల ఏబీసీ పౌడర్. ధర తక్కువ, మంటను వెంటనే పడగొడుతుంది. లోపాలూ ఉన్నాయి. అది ఇనుమును చల్లార్చదు. మంట ఆరిందని మూత ఎత్తితే కాగిన గొట్టం మీద డీజిల్ మళ్లీ అంటుకోవచ్చు. ఆ పౌడర్ తడి తగిలితే లోహాన్ని తినేస్తుంది కాబట్టి తరువాత ఇంజన్‌ను, వైరింగును పూర్తిగా శుభ్రం చేయించాలి. పైగా సముద్రపు చెమ్మకు, ఇంజన్ అదురుకు పౌడర్ సిలిండర్ అడుగున దిగి గట్టిపడుతుంది. మీ పాత సిలిండర్‌కు పట్టిన గతి అదే. దాన్ని విప్పి ఉంటే వానలో తడిసిన ఉప్పు బస్తా అడుగులా గడ్డ కనిపించేది.

రెండోది సీవోటూ, అంటే బొగ్గుపులుసు వాయువు సిలిండర్. ఇంజన్‌కు, తీగలకు ఏ మచ్చా పడదు. ఆనవాలే మిగలదు. కానీ ఖరీదు ఎక్కువ, మోయడం బరువు. మూసిన గదిలోనే దాని బలమంతా. తెరిచిన డెక్కు మీద సముద్రపు గాలికి ఎగిరిపోతుంది. ఒక కిలో సీవోటూ విడుదలైతే అర ఘనమీటరుకు కాస్త ఎక్కువ వాయువవుతుంది. నాలుగున్నర కిలోల సిలిండర్‌తో రెండున్నర ఘనమీటర్లు. మీ బోటు ఇంజన్ గది దానికి ఎన్నో రెట్లుంటుంది. ఒక్క సిలిండర్ గదినంతా నింపలేదు. మూసిన మూతకు అది తోడవుతుంది, మూతకు బదులు కాదు. ఇంకో ప్రమాదం కూడా గట్టిగా చెప్పాలి. మంటను ఊపిరాడకుండా చేసే వాయువు మనిషినీ అలాగే చేస్తుంది. రంగు లేదు, అక్కడ ఉందని హెచ్చరించేదేదీ ఉండదు. వదిలిన గదిలోకి గాలి పూర్తిగా ఆడకముందే ఎవరూ దిగకూడదు. వదిలేటప్పుడు వాయువు బయటికొచ్చే దాని కొమ్మును చేత్తో పట్టుకోకూడదు, గడ్డకట్టే చలికి చర్మం అంటుకుపోతుంది.

మూడోది గది కప్పుకు బిగించే ఆటోమేటిక్ పౌడర్ సిలిండర్. దానికున్న చిన్న గాజుగొట్టం సాధారణంగా 68 డిగ్రీల వేడికి పగిలి పౌడర్ తనంతట తనే కురుస్తుంది. అందరూ నిద్రలో ఉన్నప్పుడు మంట లేస్తే ఇది మేలుకొని ఉంటుంది. అయితే సైలెన్సర్ గొట్టానికి సరిగ్గా పైన బిగిస్తే మంట లేకుండానే పగలవచ్చు. ఇంజన్ నడుస్తూ ఉంటే కురిసిన పౌడర్‌ను అది పీల్చుకుంటుంది. బిగించే చోటు తెలిసినవాడే బిగించాలి. ఫోమ్ సిలిండర్ అని ఇంకొకటి చూపిస్తారు. బోటు అడుగున నిలిచిన డీజిల్ మీద తెట్టులా పరుచుకుని మళ్లీ అంటుకోకుండా ఆపడంలో దానికి సాటి లేదు. కానీ అందులో ఉన్నది నీరే కాబట్టి కరెంటు ఉన్న తీగల మీద వాడలేము. మీ బోటులో బ్యాటరీలు ఇంజన్ పక్కనే ఉన్నాయని రాశారు. మీకు అది మొదటి ఎంపిక కాదు.

నా సలహా అడిగితే, ఉన్న డబ్బుకు ముందు ఆరు కిలోల ఏబీసీ పౌడర్ సిలిండర్లు రెండు కొనండి. ఒకటి ఇంజన్ గది మూత దగ్గర, బయట. ఇంకొకటి సరంగు గది, వంట చోటు రెండిటికీ అందేలా. డబ్బు మిగిలితే మూత దగ్గరే నాలుగున్నర కిలోల సీవోటూ ఒకటి. కాదు, ఇంజన్ పాడవకూడదన్నదే మాకు ముఖ్యమని బావగారు అంటే మొదటే సీవోటూ తీసుకోవచ్చు. అప్పుడు మూత, గాలి గొట్టాలు గట్టిగా మూసుకునే ఏర్పాటు ముందు చేయించాలి, లేకపోతే ఆ డబ్బు గాలికి పోసినట్టే. చవకగా తెచ్చిన రెండు కిలోల వాటిని పారేయవద్దు. ఒకటి సరంగు గదిలో, ఒకటి ఇంట్లో వంటగదిలో పనికొస్తాయి.

కొనేటప్పుడు సిలిండర్ ఒంటి మీద ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 15683 అన్న అంకె, తయారైన నెల, సంవత్సరం చూడండి. లేబుల్ మీద బీ అక్షరం పక్కనున్న అంకె ఎంత పెద్దదైతే అంత పెద్ద డీజిల్ మంటను ఆర్పగలదని పరీక్షలో తేలినట్టు. పౌడర్ సిలిండర్ గేజిలో ముల్లు ఆకుపచ్చ గీతలో ఉండాలి. నెలకోసారి దించి, తలకిందులు చేసి బాగా కుదపండి. లోపల పౌడర్ ఇసుకలా జారుతున్నట్టు చేతికి తెలియాలి. సీవోటూకు గేజి ఉండదు, తూకమే దాని గేజి. మీ ఊళ్లో చేపలు తూచే కాటా చాలు. ఖాళీ సిలిండర్ బరువు దాని మీదే చెక్కి ఉంటుంది. నాలుగున్నర కిలోల గ్యాసులో 450 గ్రాములకు మించి తగ్గితే నింపించాలి. లెక్కల పుస్తకం మీ దగ్గరే ఉంది కదా, అందులోనే ఒక పేజీ దీనికి కేటాయించండి.

సిలిండర్ ఏ రకమన్న దానికంటే ఎక్కడుందన్నది పెద్ద విషయం. మీ పాత సిలిండర్ పౌడర్ నిక్షేపంలా ఉన్నా ఆ రోజు పనికొచ్చేది కాదు, అది మంటకు అవతల ఉంది. మంట నుంచి పారిపోయే దారిలో సిలిండర్ ఉండాలి. దాని కోసం వెళ్లే మనిషి మంటకు వీపు పెట్టి వెళ్లాలి, ఎదురు వెళ్లకూడదు. ఇంకో పని చేయించండి, దీనికి వడ్రంగి కూలి తప్ప పెద్ద ఖర్చు లేదు. ఇంజన్ గది మూతకు సిలిండర్ మూతి పట్టేంత రంధ్రం పెట్టించి, దానికి తిరిగే ఇనుప బిళ్ల బిగించండి. మంట లేస్తే మూత ఎత్తకుండా బిళ్ల పక్కకు తిప్పి, మూతి దూర్చి వదలవచ్చు. డీజిల్ ట్యాంకు వాల్వును కూడా ఇంజన్ గది బయటి నుంచి మూసేలా ఒక కడ్డీయో, తీగో పెట్టించండి. అప్పుడు వరస ఇలా ఉంటుంది: ఇంజన్ ఆపడం, డీజిల్ కట్టేయడం, మూత, గాలి గొట్టాలు మూయడం, రంధ్రంలోంచి సిలిండర్ ఖాళీ చేయడం, ఆ తరువాత కనీసం అరగంట మూత తీయకుండా ఆగడం. ఇంజన్ ముందు ఆపకపోతే మనం వదిలిందంతా అదే పీల్చి బయటికి ఊదేస్తుంది. ఆగడమే అన్నిటికంటే కష్టం. లోపల ఇంజన్ ఏమైందోనన్న ఆత్రంతో మూత ఎత్తి, ఆరిన మంటను మళ్లీ లేపుకుంటారు.

మంట పుట్టిన కారణాన్ని వదిలేసి సిలిండర్లు కొనడం నాకు నచ్చదు. డీజిల్ కుండలో నిలిచి ఉన్నప్పుడు అగ్గిపుల్లకు కూడా తేలికగా అంటుకోదు. అదే సన్నని తుంపరగా మారి వేడి గొట్టం మీద పడితే అగ్గిపుల్లతో పని లేకుండానే భగ్గుమంటుంది. పైపు అదురుకు ఊగుతూ అంచుకు రాసుకుని, రోజుకు వెంట్రుక మందం చొప్పున అరిగి ఒకరోజు చీలుతుంది. మీవారిని అడగండి, పాత పైపు దాచి ఉంటే చీలిన చోట బయటివైపు నునుపుగా మెరిసిన గీత కనిపిస్తుంది. ఈ విరామంలో పైపులన్నిటికీ క్లాంపులు వేయించి, ప్లాస్టిక్ గొట్టం ఎక్కడైనా అతికి ఉంటే మార్పించి, సైలెన్సర్ గొట్టానికి వేడి తట్టుకునే గ్లాస్‌ఫైబర్ గుడ్డ చుట్టించాలి. అడుగున నూనె నీళ్లు, డీజిల్ తుడిచిన గుడ్డలు ఇంజన్ గదిలో ఉండకూడదు. బ్యాటరీకి ఒక మెయిన్ స్విచ్చి, ప్రతి తీగకూ ఫ్యూజు ఉండాలి. సిలిండర్ల ఖర్చుకంటే ముందు ఈ ఖర్చు.

వంట గురించి ఒక వాక్యమే రాశారు, స్టవ్ ఇంజన్ గది మూతకు రెండడుగుల దూరంలో ఉందని. అది మార్చాలి. వంట గ్యాసు గాలికంటే బరువు. లీకైతే పైకి పోదు, మూత సందుల్లోంచి బోటు అడుగుకు దిగి నీళ్లలా నిలుస్తుంది. తెల్లవారి ఇంజన్ తిప్పగానే ఒక్క నిప్పురవ్వ చాలు. గ్యాసు బండను డెక్కు మీద గాలి ఆడే చోట కట్టి, వంట అయిన వెంటనే బండ దగ్గరే కట్టేయాలి. సబ్బు నీళ్లతో గొట్టం పరీక్షించడం, ఐదేళ్లకోసారి గొట్టం మార్చడం మీకు ఇంట్లో తెలిసిన పనులే. మూకుడులో నూనె అంటుకుంటే నీళ్లు కాదు, మూత పెట్టాలి.

2023 నవంబరు 19 రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో లేచిన మంట మీరూ టీవీలో చూసే ఉంటారు. ఒక బోటు నుంచి పక్క బోటుకు పాకి పదుల సంఖ్యలో బోట్లు కాలాయి. లోపలున్న డీజిల్, గ్యాసు బండలు మంటను ఇంకా పెంచాయి. మన జువ్వలదిన్నె లాంటి హార్బర్లలో కూడా బోట్లు ఒకదానికొకటి ఆనుకునే నిలబడతాయి. మీ బోటులో జాగ్రత్త ఉంటే అది పక్కవాళ్ల బోటుకు కూడా కాపలా.

ఇక ఇల్లు. మీ చీటీ డబ్బుతో మీరే కొని బోటులో పెట్టించవచ్చు. రేపే అయిపోతుంది, మీకు నిద్ర పడుతుంది. కానీ అది “మరదలు కొన్న సిలిండర్” అవుతుంది. దాన్ని నెలకోసారి కుదిపేవాడు ఉండడు, అడ్డంగా ఉందని ఎవరో దాన్ని మళ్లీ లోపలి గోడకు మారుస్తారు. ఇంకో దారి, దాన్ని బోటు ఖర్చులో రాయడం. డీజిల్, ఐసు, బియ్యం ఖర్చులు తీశాకే కదా వాటాలు పంచుతారు. సిలిండర్లను కూడా అక్కడే రాస్తే ప్రతి కలాసీ వాటా నుంచి కొంత పోతుంది. సణుగుతారు, నిజమే. కానీ తమ డబ్బు పడిన వస్తువు ఎక్కడుందో, పనిచేస్తోందో లేదో వాళ్లే చూసుకుంటారు. వేట లేని నెలల్లో చేతిలో డబ్బు ఆడదు కాబట్టి, మీ చీటీ డబ్బును బోటుకు అప్పుగా ఇచ్చి రెండు మూడు వేటల్లో రాబట్టుకోవచ్చు. నేనైతే ఈ దారినే ఇష్టపడతాను. పుస్తకం మీ చేతిలో ఉంది కనుక ఈ మాట ఎత్తే హక్కు కూడా మీకుంది.

బావగారిని తప్పుపట్టి గెలవలేరు. గెలిచినా ఆ గెలుపు బోటు ఎక్కదు. నీళ్లు పోసి తప్పు చేశారని మీరు గానీ, మీవారు గానీ అంటే ఆయన పిరికివాడన్న మాటను ఇంకా గట్టిగా పట్టుకుంటారు. నలుగురి ముందు తమ్ముడి కొడుకును అన్న మాటకు ఆయన లోపల బాధపడుతూనే ఉండవచ్చు, దాన్ని వెనక్కి తీసుకునే దారి లేక ఊరుకుని ఉండవచ్చు. ఆ దారి మీరు వేయాలి. కావలి అగ్నిమాపక కేంద్రానికి ఊరి పెద్దల చేత ఒక కాగితం పెట్టించి, బోట్లు ఒడ్డున ఉన్న ఈ రోజుల్లోనే వచ్చి ప్రదర్శన చేయమని అడగండి. ఏటా ఏప్రిల్ 14 నుంచి వారం రోజులు వాళ్లు అగ్నిమాపక వారోత్సవాలు జరుపుతారు. 1944లో అదే తేదీన బొంబాయి రేవులో పత్తి, పేలుడు సామగ్రి మోస్తున్న ఓడ అంటుకుని పేలినప్పుడు, మంట ఆర్పడానికి వెళ్లి చనిపోయిన అరవై మందికి పైగా సిబ్బంది జ్ఞాపకంగా ఆ వారం. ఏటా ఏప్రిల్ 15నే మన తూర్పు తీరంలో వేట విరామం మొదలవుతుంది. వారోత్సవాలు దాటిపోయినా అడిగితే వస్తారు. ఇనుప తొట్టిలో డీజిల్ పోసి వెలిగించి, దాని మీద మూత పెట్టి చూపించమనండి. యూనిఫాం వేసుకున్న మనిషి అందరి ముందూ ఆ మూత పెట్టిన క్షణాన ఎవరూ ఎవరినీ వేలెత్తి చూపాల్సిన పని ఉండదు. మంట మీద మూత ఏం చేస్తుందో బావగారు తన కళ్లతోనే చూస్తారు.

ఆ రోజు వరకు ఆగకుండా మీవారు ఒక పని చేయాలి. అన్నకు ఎదురు చెప్పనక్కర్లేదు. కొడుకుతో మాత్రం, “నా చేయి కాలింది మూత తీసినందుకు, ప్రాణం నిలిచింది నువ్వు మూసినందుకు” అని తన నోటితో చెప్పాలి. ఆ మాట తల్లి చెబితే ఓదార్పు. ఇంజన్ చూసే తండ్రి చెబితే తీర్పు. పిల్లవాడికి కావలసింది రెండోది.

అత్తగారి మాటను కొట్టిపారేయవద్దు. సముద్రం మీద బతికేవాళ్లకు నోటి మాట మీద భయం ఉంటుంది, ఆ భయం వెనుక పోగొట్టుకున్న మనుషులుంటారు. విరామం తరువాత బోటును నీళ్లలోకి దించేటప్పుడు గంగమ్మకు పూజ చేస్తారు కదా, ఇంజన్‌కు, వలలకు పసుపు కుంకుమ పెడతారు కదా. ఆ వరసలో సిలిండర్లనూ పెట్టి ఆమె చేతే బొట్టు పెట్టించండి. గేజి అద్దం మీద మాత్రం పసుపు పూయనీయవద్దు, ముల్లు కనబడాలి.

మూడో ప్రశ్నకు నా దగ్గర ఒక్క జవాబు లేదు. అబ్బాయిని ఈ ఏడు ఆపేస్తే మీ భయం తగ్గుతుంది. కానీ ఊళ్లో ఆ ముద్ర నిజమై కూర్చుంటుంది. తనను తాను నిరూపించుకోవడానికి వేరే ఎవరి బోటో ఎక్కుతాడు, అక్కడ ఏ సిలిండర్ ఉందో మీకు తెలియదు. పంపితే, పైపులు మార్చి, సిలిండర్ బయటికి వచ్చి, ఎవరేం చేయాలో ఒడ్డునే ఒకసారి ఆడి చూశాకే పంపండి. ఇవేవీ జరగకుండానే బోటు కదులుతుంటే ఆపే హక్కు తల్లిగా మీకుంది, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. వాడికి ఆసక్తి ఉంటే బోటు నడపడం, ఇంజన్ పని నేర్పే కేంద్ర ప్రభుత్వ శిక్షణ సంస్థ శాఖ విశాఖలో ఉంది, చేరడానికి అర్హతలు కనుక్కోండి. అలా పంపితే అది శిక్ష కాకూడదు, వాడు చేసిన పనికి దొరికిన గౌరవంలా ఉండాలి.

ఒడ్డున ఆడి చూసేటప్పుడు ఓడిపోయే ఆట కూడా ఆడండి. సిలిండర్లు అయిపోయాయి, మంట ఆరలేదు, అప్పుడేం చేయాలి? లైఫ్ జాకెట్లు అడుగు గదిలో కాదు, డెక్కు మీద చేతికందే చోట ఉండాలి. వైర్‌లెస్ సెట్టులో 16వ ఛానల్‌లో పిలవడం సరంగుకే కాదు, ఇంకో ఇద్దరికి రావాలి. ఫోను అందే దూరమైతే కోస్ట్ గార్డు నంబరు 1554. పొగ తమ మీదికి రాకుండా అందరూ గాలి వచ్చే వైపు చేరాలి. బోటు పోతే పోయింది అని ఎవరు ప్రకటించాలో ముందే అనుకోండి. ఆ మాట సరంగు నోట రావడమే మంచిది, బావగారికి అది మీరు అప్పగించే గౌరవం.

సిలిండర్ తెచ్చిన రోజు దాన్ని ఎక్కడ బిగించాలో మీ అబ్బాయినే చూపించమనండి. ఒకసారి కళ్లు మూసుకుని, తను పడుకునే చోటు నుంచి లేచి నడిచి, చేయి చాపమనండి. ఆ చేయి ఎక్కడ ఆగితే అక్కడ బ్రాకెట్ పెట్టి, బిగించే పని బావగారికి ఇవ్వండి.